1187వ నంబరు ఫిర్యాదు

నవంబర్ 2

బాట్, అదే నేను పెట్టిన చిన్న ఆటోమేటిక్ ప్రోగ్రాం, ఈ రోజు అరవై ఒక్క ఫిర్యాదులు మూసేసింది. ఒక్కదాని మీద కూడా నేను వేలు పెట్టలేదు. అరవై రోజులుగా ఎవరూ పలకని ఫిర్యాదు కనిపిస్తే చాలు, "కదలిక లేనందువల్ల మూసేస్తున్నాం, మీ సహకారానికి కృతజ్ఞతలు" అని రాసి తలుపేసేస్తుంది. నాకన్నా దానికే మర్యాద తెలుసు. పొద్దున కాఫీ కప్పుతో కూర్చుని జాబితా చూస్తే, నెల రోజుల అంట్లు ఎవరో తోమి బోర్లించినట్టుంది.

తర్మోకి ఈ బాట్ అంటే మొదటినుంచీ పడదు. చీపురు అనే మా ఉచిత ప్రోగ్రాంని తొమ్మిదేళ్ళుగా మేమిద్దరమే మోస్తున్నాం, అతను యోయెన్సూలో, నేను ఔలులో. ఎదురెదురుగా కలిసింది మూడుసార్లే. బాట్ పెడతానన్న రోజు ఫోన్‌లో గంటసేపు వాదించాడు.

"జబ్బు నయం కాకుండానే రోగుల్ని ఇంటికి పంపేస్తే వార్డు ఖాళీగానే ఉంటుందిలే సైలా," అన్నాడు.

"అయితే రోజుకి ముప్పై నువ్వే చదివి జవాబివ్వు. ఇప్పుడే తీసేస్తా."

"ముగ్గురు పిల్లలున్నవాణ్ణి, తల్లీ."

"ఉద్యోగం ఉన్నదాన్ని, నాయనా."

అక్కడితో సరి. ఆ వాదన నేను గెలిచాను. ఇవాళ ఆ సంగతి అతనికి గుర్తుచేశాను కూడా.

నవంబర్ 6

అమ్మ వచ్చింది. యాలకుల బన్నులు తెచ్చింది. నా బల్ల మీద రెండు తెరలు చూసి, ఆఫీసు పని ఒకదాంట్లో, జీతం లేని పని ఒకదాంట్లోనా అని అడిగింది. అవునన్నాను.

"చీపురు చీపురంటావు, అసలు ఏం ఊడుస్తుందే అది?"

చెప్పాను. ఫోన్లలోకి యాప్‌లు రాసేవాళ్ళు ఇతరులు రాసిన ప్రోగ్రాం అక్కడోముక్క, ఇక్కడోముక్క తెచ్చి కలుపుతారు. సగం ముక్కలు ఎవరూ వాడరు. యాప్ జనం ఫోన్లలోకి వెళ్ళేముందు మా చీపురు మొత్తం చదివి, ఎవరూ పిలవని ముక్కల్ని ఊడ్చేస్తుంది. యాప్ తేలికవుతుంది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, లోపల ఏముందో ప్రతి వరుసా చూసుకోవచ్చు. ఏదీ దాచం.

"ఎవరూ పిలవడం లేదని దానికెలా తెలుస్తుందీ?"

"అన్నీ చదువుతుందమ్మా."

"ఏడాదికోసారి పిలిచేవాళ్ళు కూడా ఉంటారు కదే. మీ రెయ్యో మావయ్యని క్రిస్మస్‌కే పిలుస్తాం. అలాగని ఊడ్చి పారేస్తావా?"

ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పోస్టాఫీసులో నలభై ఏళ్ళు చేసిన మనిషి. ఆవిడకి ప్రతిదీ ఎవరో ఒకరికి చేరాల్సిందే.

నవంబర్ 18

మొదట నీళ్ళు గడ్డకట్టాయి. తర్వాత వాన. పని బాగా సాగింది.

నవంబర్ 29

పేపర్లో ఒక వార్త. కైనూ జిల్లా వైపు హియెతా సరస్సు మీద మంచుపలక విరిగి ఒకావిడ నీళ్ళలో పడింది. పేరు హిల్క్కా, డెబ్బై ఒకటేళ్ళు. కాలితో తన్నుకుంటూ మంచు మీద నడిపే తన్నుబండి మీద చేపలకి బయలుదేరిందట. మెడలో మంచుమేకులు వేసుకునుంది కాబట్టి వాటిని గుచ్చుకుంటూ పైకి పాకింది. ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు.

ఆ ఊళ్ళో వాళ్ళకొక యాప్ ఉందట. ఎవరైనా సరస్సు మీద బెజ్జం వేసి మంచు మందం కొలిస్తే అందులో రాస్తారు, మ్యాపు మీద పచ్చ చుక్క పడుతుంది. మూడు రోజులు దాటితే ఆ చుక్క చెరిగిపోవాలి. చెరగలేదు. హిల్క్కా చూసిన చుక్క పన్నెండు రోజుల కిందటిది. మధ్యలో వారంపాటు వాన. యాప్ చేసింది ఆ ఊరి రేడియో మెకానిక్, రిటైరైనవాడు, సులో కెంప్పైనెన్. "తప్పు నాది" అన్నాడట విలేకరితో.

పాపం. తెలియని పనికి దిగితే ఇంతే.

పేరు ఎక్కడో విన్నట్టుంది. ఆ జిల్లాలో కెంప్పైనెన్‌లు గడపకొకరు.

నవంబర్ 30

వెతకలేదు. కిటికీలు తుడిచాను. ఇంట్లో ఉన్నవన్నీ.

డిసెంబర్ 1

వెతికాను.

1187. ఆగస్టు 20న రాశాడు. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, రేపు గుర్తులేదని నాకు నేను చెప్పుకోకుండా.

"నమస్కారం. నేను చదువుకున్న ప్రోగ్రామర్ని కాను, రేడియోలు బాగుచేసినవాణ్ణి, తప్పుంటే మన్నించండి. మా ఊరి యాప్‌లో మూడు రోజులు దాటిన కొలతల్ని చెరిపే ముక్క ఒకటి ఉంది. రోజుకి ఒక్కసారే పనిచేస్తుంది. నా ఫోన్‌లో బాగానే చెరుపుతోంది. చీపురుతో ఊడ్చి ఊళ్ళోవాళ్ళకి ఇచ్చినదాంట్లో చెరపడం లేదు. చీపురు దాన్ని పనికిరానిదనుకుంటోందేమో చూడగలరా? చలికాలం వస్తోంది, మాకిది ముఖ్యం."

కింద నేను: "మీ ఫోన్‌లో పనిచేస్తోందంటే చీపురు తప్పు కాదు. మీ సెట్టింగులు సరిచూసుకోండి."

కింద అతను, అదే రోజు: "సరేనండీ, మళ్ళీ చూసుకుంటాను. మీ సమయానికి కృతజ్ఞతలు."

కింద, సరిగ్గా అరవై రోజులకి, బాట్.

డిసెంబర్ 2

అతను చెప్పినట్టే చిన్న యాప్ ఒకటి కట్టి చీపురుతో ఊడ్చాను. చెరిపే ముక్క పోయింది.

అతను తన ఫోన్‌లో వాడేది ఊడ్చని యాప్. అందులో పనిచేసి, ఊడ్చినదాంట్లో పనిచేయలేదంటే తప్పు చీపురుదే. ఇది నిన్న పనిలో చేరిన పిల్ల కూడా చెప్పగలదు. నేను సరిగ్గా తలకిందులుగా చెప్పాను. చదవకుండా చెప్పాను.

ఇంకా ఉంది. రోజుకోసారి పనిచేసే ముక్కల పేర్లు విడిగా ఒక పట్టికలో ఉంటాయి, ఫోన్ గడియారం ఆ పట్టిక చూసి పిలుస్తుంది. చీపురు ముందు ఆ పట్టిక కూడా చదివేది. మూడేళ్ళ కిందట ఆ చదవడాన్ని తీసేసింది నేనే. చీపురు రెండింతలు వేగంగా పనిచేసింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం కేకు కొనుక్కున్నాను.

అయితే, ఫలానా ముక్కని ముట్టుకోవద్దని చీపురుకి చెప్పే పద్ధతి ఉంది. మా పుస్తకంలో రాసుంది. అతను చదవాల్సింది. ఊళ్ళో ఇంకో ఫోన్‌లో మళ్ళీ చూడాల్సింది. అయినా వారం రోజులు వాన పడ్డాక ఫోన్ చూసి మంచు మీదికి వెళ్ళేది ఎవరు? ఆవిడ డెబ్బై ఏళ్ళుగా ఆ ఒడ్డునే ఉంటోంది కదా.

ఇవన్నీ నిజాలే. రెండుసార్లు చదువుకున్నాను. నిజాలే.

డిసెంబర్ 4

సరిచేశాను. తొమ్మిది వరుసలు.

మా ఇద్దరిలో ఎవరు ఏం మార్చినా రెండోవాళ్ళు చూసి సరేనంటేనే లోపలికి వెళ్తుంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పని నియమం. తర్మో ఫోన్ చేశాడు, వెనక పిల్లలు ఏదో విరగ్గొడుతున్నారు.

"పట్టిక చదవడం మళ్ళీ పెడుతున్నావేంటి? నువ్వే కదా తీసేశావు?"

"పెడితే మంచిదనిపించింది."

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"లేదు. నాకే కనబడింది."

"నీ కళ్ళకి దండం పెట్టాలి," అని సరే కొట్టాడు.

కొత్త వెర్షన్‌తో పాటు ఏం మారిందో ఒక చీటీ రాసి పెడతాం. "చిన్న చిన్న మెరుగులు" అని రాశాను. జనం ఆ చీటీలు చదవరు.

డిసెంబర్ 6

స్వాతంత్ర్య దినం. ఎదురింటి కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు. నేను వెలిగించలేదు, అగ్గిపెట్టె దొరకలేదు.

దొరికింది.

డిసెంబర్ 9

సులో కెంప్పైనెన్ రాశాడు. మా ప్రశ్నల పేజీలో, అందరికీ కనిపించేలా.

"నా యాప్‌ని ఊళ్ళోవాళ్ళందరి ఫోన్లలోంచి పూర్తిగా తీసేయాలి. ముసలివాళ్ళకి అది తెలియదు, ఇంటింటికీ తిరుగుతున్నాను. త్వరగా అయ్యే దారేదైనా ఉందా? కొత్త చీపురు బాగుంది, శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు."

పావుగంటలో జవాబిచ్చాను. ఇంత వివరంగా ఎవరికీ ఎప్పుడూ రాయలేదు. ఒకటి, రెండు, మూడు అని మెట్లు వేసి, బొమ్మలు కూడా పెట్టాను. చివర "ఎప్పుడు ఏ సాయం కావాలన్నా అడగండి" అని రాశాను.

ఆ చివరి మాట చదివితే ఒళ్ళు మండుతోంది. నా మీద నాకే.

డిసెంబర్ 10

పని బాగా సాగింది.

డిసెంబర్ 15

తర్మో. పేపర్లో ఆ యాప్ సంగతి అతనూ చదివాడట.

"ఆ ముసలాయన మన చీపురు వాడేవాడే. మొన్న నువ్వు జవాబిచ్చావుగా. పాపం, అందరిముందూ తలవంచుకుని తిరుగుతున్నాడట."

"ఊఁ."

"ఆ తప్పు ఎక్కడుందో మనం చూసిపెడదామా? మనకో గంట పని. ఆయనకి కాస్త ఊరట."

"యాప్ తీసేశాడు కదా. ఇప్పుడెందుకు?"

"అదీ నిజమేలే," అన్నాడు. "ఏంటే, గొంతు అదోలా ఉంది?"

"జలుబు."

అప్పుడే చెప్పాల్సింది. చక్కగా నోట్లో పెట్టి అందించాడు. చెప్పలేకపోవడానికి కారణం హిల్క్కా కాదు, సులో కూడా కాదు. చెబితే బాట్ గురించి తర్మో అన్నదే నిజమని ఒప్పుకోవాలి. రెండు వేళ్ళు పోయిన మనిషి ఒకవైపు, నేను గెలిచిన వాదన ఒకవైపు. నేను వాదన వైపు నిలబడ్డాను. నీచురాలిని.

డిసెంబర్ 24

శ్మశానంలో నాన్న దగ్గర దీపం పెట్టాం. చుట్టూ మంచులో వందల దీపాలు. తర్వాత ఇంట్లో సౌనా గదిలో ఆవిరి స్నానం, పాత డబ్బాల్లో అమ్మ కాల్చిన, ప్రూన్ పళ్ళ గుజ్జు పెట్టిన నక్షత్రం బిస్కట్లు, రెయ్యో మావయ్య. ఏడాదికోసారి పిలిచే మనిషి. వచ్చాడు, రెండు పాటలు పాడాడు, హామ్ తిన్నాడు. ఇంకో ముక్క నేనే వడ్డించాను.

అమ్మ గిన్నెలు తుడుస్తూ అంది: "ఎవరికో జవాబు బాకీ ఉన్నట్టున్నావే. నలభై ఏళ్ళు చూశాను అలాంటి మొహాల్ని కిటికీకి అవతల."

"ఏం లేదమ్మా."

"సరే. స్టాంపులు ఆ సొరుగులో ఉన్నాయి," అంది, నవ్వకుండా.

జనవరి 5

1187 కింద రాయడం మొదలుపెట్టి అయిదుసార్లు చెరిపాను. మొదటిసారి "ఒక అపార్థం జరిగింది" అని. రెండోసారి "సాంకేతిక కారణాల వల్ల". మూడోసారి "మేము". మేమంటే ఎవరు? తర్మోని కూడా లాగుతున్నాను. నాలుగోసారి సగం పేజీ నా తొమ్మిదేళ్ళ కష్టం గురించే ఉంది. అయిదోది చదవకుండానే చెరిపేశాను.

జనవరి 9

కజానీ పేపర్లో చిన్న ప్రకటన. ఆదివారం ఒంటిగంటకి ఆ ఊరి సంఘం సమావేశం. చర్చించేవి: యాప్ మూసివేత, మంచు పరిశీలన బాధ్యతనుంచి సులో కెంప్పైనెన్ తప్పుకోవడం. ఇరవై రెండేళ్ళుగా ఆ పని ఆయనదేనట. ఫోన్లు పుట్టకముందు చెక్కబోర్డు మీద రాసి ఒడ్డున పెట్టేవాడట.

ఎల్లుండే.

జనవరి 11

మైనస్ పంతొమ్మిది. రెండున్నర గంటల దారి, రెండుసార్లు బండి తిప్పుకుని వెనక్కి వెళ్దామనుకున్నాను. ఒకసారి నిజంగానే తిప్పాను కూడా. పెట్రోలు బంకు దాకా వచ్చి మళ్ళీ తిప్పాను.

ఊరి హాలు ఒడ్డునే ఉంది. ముప్పైమంది దాకా. ముందు కాఫీ, కాఫీ అయితే తప్ప ఏదీ మొదలవదు. పిరక్కలనే రై పిండి రొట్టెల మీద గుడ్డూ వెన్నా వేసి పెట్టారు. నువ్వెవరని ఎవరూ అడగలేదు, కప్పు చేతికిచ్చారు. వెనక బెంచీలో కూర్చున్నాను. ముందువరసలో చేతికర్రతో ఒకావిడ, ఎడమ కాలికి పెద్ద ఫెల్టు బూటు. హిల్క్కా అని ఎవరూ చెప్పక్కర్లేదు.

సులో లేచాడు. పొడుగ్గా, సన్నగా, నుదుటి మీద ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఇంకొకటి.

"యాప్ చేసింది నేను. అది సరిగ్గా చెరపడం లేదని నాకు ఆగస్టులోనే అనుమానం వచ్చింది. తెలిసినవాళ్ళని అడిగా. నీ సెట్టింగులు చూసుకోమన్నారు. చూశా, దొరకలేదు. దొరక్కపోయినా మీ చేతుల్లో ఉంచేశా. తప్పు నాది. ఇంకేం లేదు."

తెలిసినవాళ్ళు. అంతే అన్నాడు. పేరు చెప్పలేదు, చీపురు అనలేదు.

ఎవరో దగ్గారు. సంఘం పెద్ద అడిగింది: "ఇంకెవరైనా మాట్లాడతారా?"

నేను లేవలేదు. ఇంత దూరం వచ్చి లేవలేదు. నా చేతిలో కప్పు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాను. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుని, కాసేపు విరామం అంది.

సులో బయటికి వెళ్ళాడు. వెనకే వెళ్ళాను. మెట్ల మీద నిలబడి సరస్సు వైపు చూస్తున్నాడు.

"సులో గారూ, నేను..."

"తెలుసండి. మీ పేరు పక్కన ఫొటో ఉంటుందిగా. అందులో నవ్వుతుంటారు."

"ఆ తప్పు మీది కాదు. చీపురుది. అంటే నాది. నేను..."

"అదీ తెలుసు."

ఆయనే చెప్పాడు, తొందర లేకుండా.

"డిసెంబర్ అయిదున కొత్త చీపురు దించుకున్నా. చిన్న చిన్న మెరుగులు అని రాశారు. ఎందుకైనా మంచిదని నా యాప్‌ని ఊడ్చి చూశా. నా ముక్క ఎక్కడున్నది అక్కడే ఉంది. ఏం మారిందా అని లోపల చూశా. తొమ్మిది వరుసలు. రేడియోలు విప్పినవాడికి అదో లెక్కా? మీ దగ్గర అన్నీ బయటే ఉంటాయి కదండి."

"మరి తొమ్మిదో తేదీన మీరు అడిగిన ప్రశ్న..."

"తలుపు తట్టి చూశా. మీరు మాంఛి మర్యాదగా జవాబిచ్చారు. బొమ్మలతో."

తల ఎత్తలేకపోయాను. "లోపల ఎందుకు చెప్పలేదు? అందరూ మిమ్మల్నే..."

"నేను చెప్తే అది ఫిర్యాదవుతుందండీ," అన్నాడు. "ఒకసారి చేశా కదా. మూసేశారు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"అలాగని నన్ను మహానుభావుణ్ణి చెయ్యకండి. యాభై ఏళ్ళుగా ఈ సరస్సు మీద తిరుగుతున్నవాణ్ణి. వాన పడ్డప్పుడు బెజ్జం వేసే డ్రిల్లు పట్టుకుని నేనే వెళ్ళాలి. నా ఫోన్‌లో చుక్క చెరిగిపోయింది, సెట్టింగులు సరిచూశాను కాబట్టి ఈసారి అందరికీ చెరిగే ఉంటుందనుకున్నా. చీపురు తప్పు కాదని మీరన్నారు కదా అని నమ్మి ఇంట్లో కూర్చున్నా. ఆ భాగం నాదే, అది మీకివ్వను." పై కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీ భాగం మీరు తీసుకుంటారా? కాఫీ ఇంకా అవలేదు. అందరూ ఉన్నారు."

లోపలికి వెళ్ళాను. కప్పు కిటికీ మీద పెట్టాను. పేరు చెప్పాను. ఆగస్టులో ఆయన నాకు రాశాడని, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని, నేను చదవకుండా జవాబిచ్చానని, తర్వాత తెలిసి గుట్టుగా సరిచేసి దాచానని చెప్పాను. "జరిగింది" అని ఎక్కడా అనలేదు, "చేశాను" అన్నాను. అయిదు చిత్తుప్రతులు అందుకైనా పనికొచ్చాయి.

తలలన్నీ ముందువరస వైపు తిరిగాయి.

హిల్క్కా కర్ర ఆనించి ఇటు తిరిగింది.

"నీకు తెలిసి ఎన్నాళ్ళయిందమ్మాయ్?"

"నలభై రోజులు."

"నలభై రోజులు." వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "ఆ నలభై రోజులూ వీడు మా ఇంటికొచ్చి కట్టెలు కొట్టి పెట్టాడు. మంచు ఎత్తాడు. నా మొహంలోకి ఒక్కసారి చూడలేదు. లోపలికొచ్చి కాఫీ తాగరా అంటే, దొంగలాగా గోడవారన పోయేవాడు. చిన్నప్పటి నుంచీ కలిసి బళ్ళోకెళ్ళినవాళ్ళం."

క్షమించమని అడగలేకపోయాను. అడిగితే ఆవిడ ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది కదా.

"వేళ్ళదేముందిలే, మేకులు నా మెడలోనే ఉన్నాయి, నేను పాక్కుంటూ వచ్చేశా," అంది. "వీణ్ణి మాత్రం నలభై రోజులు నీళ్ళలోనే ఉంచేశావు."

తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ సులో వైపు అరిచింది: "ఇప్పుడైనా తాగుతావట్రా, మొండివెధవా?"

ఆయన వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. రెండు కళ్ళజోళ్ళూ తీసి తుడుచుకున్నాడు. సంఘం పెద్ద పుస్తకంలో ఒక వరుస కొట్టేసి ఇంకోటి రాసింది. మంచు పరిశీలన ఆయనదే.

కారు దగ్గరికి వెళ్తుంటే ఎవరూ సాగనంపలేదు. పంపుతారని నేను ఎదురుచూడనూ లేదు.

జనవరి 12

పొద్దున్నే తర్మోకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆపకుండా విన్నాడు. "నేను చెప్పానా" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. "మూడేళ్ళ కిందట ఆ పట్టిక తీసేసినప్పుడు సరే కొట్టింది నేనే కదే," అన్నాడు. అది ఇంకా బరువుగా ఉంది.

బాట్‌ని ఆపేశాను. అది మూసిన ఫిర్యాదులు పద్నాలుగు వందల మూడు. అన్నీ తెరిచాం. సగం సగం పంచుకున్నాం. రోజుకి పది చొప్పున చదువుతాం.

డిసెంబర్ చీటీలో "చిన్న చిన్న మెరుగులు" కొట్టేసి, తప్పేమిటో, ఎవరు చేశారో, ఎవరు ముందుగా చెప్పారో, ఎవరు దాచారో రాశాను. 1187 తెరిచి దాని కింద కూడా అదే రాశాను. సులో కెంప్పైనెన్ చెప్పిందే నిజం అని మొదటి వాక్యం.

మధ్యాహ్నం ఆయన జవాబు వచ్చింది.

"చూశాను. ఇవాళ సరస్సు సన్నబడే జలసంధి దగ్గర మంచు ముప్పై ఒక్క సెంటీమీటర్లు, నా చేత్తో కొలిచాను. ఇక దీన్ని మూసెయ్యొచ్చు."

మూసే మీట మీద వేలు చాలాసేపు పెట్టి ఉంచాను. మూయలేదు.